గుండె వాల్వు చరిత్రలో మన్యం ఎక్కడ?

1923వ సంవత్సరం అనగానే మన చరిత్ర విద్యార్థులకి గుర్తొచ్చేది మన్యం పితూరీ. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులతో మొదలై, 1924 మే నెలలో అల్లూరి సీతారామరాజుని కాల్చి చంపేదాకా సాగిన పోరాటం అది. గాము గంటందొర, మల్లుదొర సోదరులు, పేరు లేని వందలమంది ఆదివాసీలు ఆ పోరాటానికి వెన్నెముక. అదే 1923లో, ఆ కొండల కిందనే, విశాఖపట్నంలో వైద్య కళాశాల తెరిచారు. తర్వాత ఆంధ్ర వైద్య కళాశాల అయింది అదే. దాని ఆసుపత్రికి ఇంగ్లండు రాజు పేరు పెట్టి కింగ్ జార్జి ఆసుపత్రి అన్నారు. మళ్ళీ అదే 1923 మే నెలలో అమెరికాలోని బోస్టన్‌లో ఎలియట్ కట్లర్ అనే సర్జను పన్నెండేళ్ళ ఆడపిల్ల గుండెలోకి కత్తి పోనిచ్చి, మూసుకుపోతున్న మైట్రల్ వాల్వును కోసి తెరిచాడు. ఆ పిల్ల తర్వాత నాలుగేళ్ళకు పైగా బతికింది. వాల్వు మీద ఆపరేషన్ చేస్తే మనిషి బతకగలదని ప్రపంచానికి తెలిసింది అప్పుడే.

ఈ మూడు సంగతుల్నీ మన పుస్తకాలు మూడు వేరువేరు అల్మారాల్లో పెడతాయి. పితూరీ చరిత్రకారులకి, కళాశాల విశాఖ పెద్దమనుషుల జ్ఞాపకాలకి, ఆపరేషన్ డాక్టర్ల పాఠ్యపుస్తకాలకి. మేము వాటిని ఒక్కచోటికి తేవాలని చూస్తున్నాం. ఎందుకంటే బోస్టన్ పిల్లకి వున్న జబ్బే వందేళ్ళు దాటాక కూడా అరకు, పాడేరు కొండల్లోని పన్నెండేళ్ళ పిల్లలకి వస్తున్నది. బోస్టన్‌లో ఆ జబ్బు దాదాపు మాయమైంది. మనదగ్గర ఎందుకు మాయం కాలేదనేది వైద్యశాస్త్రం ఒక్కటే జవాబు చెప్పగలిగే ప్రశ్న కాదు.

గుండె జబ్బు గురించి దళిత పత్రికలో ఎందుకని అడిగే మిత్రులుంటారు. గుండె జబ్బు అనగానే మన కళ్ళముందు మెదిలేది బొజ్జ పెరిగిన షావుకారు, నేతి వంటలు, ఏసీ గది. అది గుండెపోటు. మేము చెప్పేది రుమాటిక్ గుండె జబ్బు. ఇది గొంతునొప్పితో మొదలవుతుంది. అయిదు నుంచి పదిహేనేళ్ళ లోపు పిల్లలకి ఒక రకం స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవి వల్ల గొంతు వాస్తుంది. నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది, ఎవరూ పట్టించుకోరు. రెండు మూడు వారాల తర్వాత జ్వరం, మోకాలు వాపు, అది తగ్గేలోపు చీలమండ, తర్వాత మోచెయ్యి. కొందరు పిల్లలకి చేతులు కాళ్ళు వాటంతటవే ఆడతాయి. గాలి సోకిందంటారు, గురువు దగ్గరికి తీసుకుపోతారు. అదీ తగ్గిపోతుంది. కానీ ఈలోపల ఒంట్లో సూక్ష్మజీవి మీద లేచిన రక్షణ బలం దారి తప్పి తన గుండె మీదనే పడుతుంది. వాల్వు రెక్కలు వాస్తాయి, మందమవుతాయి, అంచులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. గొంతునొప్పి వచ్చినప్పుడల్లా ఇది మళ్ళీ జరగొచ్చు. పదేళ్ళకో పదిహేనేళ్ళకో ఆ పిల్ల నీళ్ళ బిందెతో గట్టెక్కలేక నిలబడిపోతుంది.

నాలుగు నుంచి ఆరు చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాల్సిన మైట్రల్ వాల్వు ఒకటిన్నరకో ఒకటికో కుదించుకుపోతే గుండెకి పైనున్న ఊపిరితిత్తుల్లో రక్తం నిలిచిపోతుంది. దానివల్లే ఆయాసం, పడుకుంటే దగ్గు, కొందరికి కళ్ళెలో నెత్తురు. మా కొండల్లో ఎంతమంది ఇట్లాంటి రోగులు క్షయ మందులు మింగారో లెక్క తీసేవాళ్ళు లేరు.

ఈ జబ్బు ఎవరికి వస్తుంది? ఒకే గదిలో ఎనిమిదిమంది పడుకునే ఇంట్లో వస్తుంది. గాలి వెలుతురు లేని చోట, ఒకరి ఊపిరి ఒకరి మీద పడే చోట వస్తుంది. ఐరోపా దేశాల్లో రుమాటిక్ జ్వరం పెన్సిలిన్ రాకముందే తగ్గడం మొదలైంది. ఇళ్ళు విశాలమై, తిండి మెరుగై తగ్గింది. ఆస్ట్రేలియాలో తెల్లవాళ్ళలో అరుదైన ఈ జబ్బు అక్కడి ఆదివాసుల్లో నేటికీ ఎక్కువ. న్యూజిలాండులో మావోరీలదీ అదే కథ. మైదానంలో మాలపేట, మాదిగపేట, కొండమీద గదబ, పోర్జ, కోందు గూడేలు. వాల్వు జబ్బు పటం గీస్తే అది భూమి ఎవరి చేతిలో వుందో చెప్పే పటానికి దగ్గరగానే వుంటుందని మా అభిప్రాయం.

వలస పాలకుల వైద్యానికి మాత్రం ఈ జబ్బు ఇక్కడ లేనేలేదు. రుమాటిక్ జ్వరం చలిదేశాల జబ్బని, ఉష్ణదేశాల్లో వుండదని గత శతాబ్దపు మొదటి దశాబ్దాల్లో వాళ్ళు గట్టిగా నమ్మారు. ఆసుపత్రికి వచ్చినవాళ్ళనే లెక్కపెట్టి, రానివాళ్ళు ఆరోగ్యంగా వున్నారనుకున్నారు! 1930ల నుంచి లాహోరు, లక్నో, మద్రాసు, విశాఖలలోని దేశీయ డాక్టర్లు శవపరీక్షల ఆధారంగా, ఓపీ రిజిస్టర్ల ఆధారంగా ఈ నమ్మకాన్ని బద్దలుకొట్టారు. ఆంధ్ర వైద్య కళాశాలలో పాఠం చెప్పిన పి.కుటుంబయ్య వాళ్ళలో ఒకరు. దక్షిణ భారతదేశంలో రుమాటిక్ గుండె జబ్బు చేసే గాయాల మీద 1940లో ఆయన పరిశోధన పత్రం వచ్చింది. ఆ పని విలువైనది. అయితే ఆ రిజిస్టర్లకెక్కింది కూడా కొండ దిగి రాగలిగినవాళ్ళే. మన్యం 1839 చట్టం కింద ఏజెన్సీగా విడిగా వుంది. కలెక్టరే గవర్నరు ఏజెంటు, కోర్టూ ఆయనే, పోలీసూ ఆయనే. ఆ పాలనకి మన్యంలో పట్టిన జబ్బు ఒకటే, మలేరియా. అది కూడా సైనికులకి, సర్వే ఉద్యోగులకి వస్తే. పితూరీని అణచడానికి అస్సాం రైఫిల్సుని దించినప్పుడు వాళ్ళ అడవి అలవాటుని, జ్వరాన్ని తట్టుకునే శక్తిని లెక్కలోకి తీసుకున్నారు. గూడెంలో డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ చేయించిన వెట్టి రోడ్డు పనిలో గుండె ఆయాసంతో కూలిపోయిన కూలీ వుంటే అతన్ని ఏ పుస్తకంలో రాసుంటారు? బద్ధకస్తుడు అని రాసుంటారు. ఆదివాసిని సోమరి అన్న ప్రతి చోటా రోగిని వెతకాలని మేము పరిశోధక మిత్రులకి మనవి చేస్తున్నాం.

డోలీ గురించి ఇక్కడ ఒక మాట. ఏజెన్సీకి వచ్చిన దొరల్నీ, వాళ్ళ సామాన్లనీ వెట్టి కింద కొండెక్కించి దింపింది ఆదివాసుల భుజాలే. ఇప్పుడు గర్భిణీ స్త్రీనీ, ఆయాసం రోగినీ అవే భుజాలు మోస్తున్నాయి. పేపర్లలో ‘డోలీ కష్టాలు’ అని ఫోటో వేస్తారు. చదివేవాళ్ళకి అది ఆదివాసుల వెనకబాటుతనంగా కనిపిస్తుంది. ఆ కర్రకి చరిత్ర వుంది. రోడ్డు, రైలు ఎవరికోసం వేశారో చూస్తే అర్థమవుతుంది.

మాచ్‌ఖండ్ ప్రాజెక్టు 1955లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. జలాపుట్ నీళ్ళల్లో ఆదివాసీ వూళ్ళు మునిగాయి. కరెంటు మైదానానికి పోయింది. 1960ల్లో బైలాడిల్లా ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకి, అక్కడినుంచి జపానుకి చేర్చడానికి కొత్తవలస–కిరండోల్ రైలుమార్గం వేశారు. సొరంగాల మీద సొరంగాలు తవ్వి, సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున శిమిలిగూడ స్టేషను కట్టారు. ఆ లైను ఎన్నాళ్ళనుంచో వున్నా, మా రోగికి దానివల్ల వొరిగింది తక్కువ. పగటి ప్యాసింజరు పొద్దున్నే విశాఖలో బయల్దేరి పదకొండు ప్రాంతంలో అరకు చేరుతుంది. అరకు చూడవచ్చేవాళ్ళకి అనువైన వేళ. అదే బండి సాయంత్రం దిగి రాత్రి విశాఖ చేరుస్తుంది. ఓపీ చీటీ ఇచ్చేది పొద్దున. అంటే ఒక రాత్రి పట్నంలో గడపాలి. బంధువు లేకపోతే ఆసుపత్రి వరండాయే. 2017లో ఈ మార్గంలో అద్దాల పెట్టె వేశారు. కొండల్ని చూడటానికి అద్దాలు పెట్టిన ప్రభుత్వం కొండల్లోంచి రోగి దిగే వేళ ఏదని అడగలేదు.

ఇక సూది. ఈ జబ్బు చరిత్రలో అసలు మలుపు ఆపరేషన్ కాదు, సూది. 1950ల మొదట్లో బెంజథైన్ పెన్సిలిన్ వచ్చింది. మనవాళ్ళకి తెలిసిన పేరు పెనిడ్యూర్. పన్నెండు లక్షల యూనిట్లు, పిరుదులోకి, 21 రోజులకొకసారి. ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లకి ఇది తప్పకుండా వేస్తూపోతే మళ్ళీ గొంతునొప్పి సోకదు, వాల్వు మరింత పాడవదు. తొందరగా మొదలుపెడితే కొందరి వాల్వు దానంతటది బాగుపడుతుంది కూడా. వాల్వు దెబ్బతిన్నవాళ్ళకి దీన్ని నలభయ్యేళ్ళ వయసుదాకా, కొందరికి జీవితాంతం వెయ్యాలంటారు. లెక్క కడదాం. ఏడాదికి సుమారు 17 సూదులు. పన్నెండో ఏట మొదలుపెట్టిన పిల్లకి నలభై వచ్చేసరికి 480 దాటతాయి. సూది ఖరీదు తక్కువే. ఆ 480 రోజుల కూలి, దారి ఖర్చు, తోడు వచ్చే మనిషి కూలి ఎవరూ లెక్కకట్టరు.

పైగా మా కొండల్లో రోజులు లెక్కపెట్టేది సంతతో. అరకు సంత, ముంచంగిపుట్టు సంత, హుకుంపేట సంత, ఏ సంతకి ఆ వారం. ప్రతి మూడో సంతకి సూది అని చెప్తే ముసలమ్మ కూడా తప్పదు. 21 రోజులంటే సరిగ్గా మూడు వారాలే కదా. కానీ సంతరోజున సూది వుంటుందా, వేసే సిస్టరమ్మ వుంటుందా? చాలాచోట్ల వెయ్యడానికే భయపడతారు. సూది పడక చనిపోతే గొడవ అవుతుందని పట్నానికి పొమ్మంటారు. ఎలర్జీ ప్రమాదం నిజమే గాని చాలా అరుదు. వాల్వు బాగా పాడైన రోగులు సూది వేసిన వెంటనే కుప్పకూలడానికి ఎలర్జీ కంటే బలహీనపడ్డ గుండె కారణం కావచ్చని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో చెప్పింది. అట్లాంటివాళ్ళకి పెన్సిలిన్ మాత్రలు మేలని సూచించింది. కాబట్టి ఎవరికి సూది, ఎవరికి మాత్ర అనేది డాక్టరు ఎకో చూసి తేల్చాలి. అందరికీ ఆపెయ్యడం పరిష్కారం కాదు.

సూది ఎందుకు దొరకదనేదానికి కూడా చరిత్ర వుంది. 1954లో పుణె దగ్గర పింప్రీలో ప్రభుత్వ రంగంలో హిందూస్తాన్ ఏంటీబయాటిక్స్ పెట్టారు. తర్వాత సోవియట్ సాయంతో ఋషీకేశ్‌లో మరో ఫ్యాక్టరీ వచ్చింది. 1990ల తర్వాత తలుపులు తెరిచేసరికి చైనా నుంచి చవక ముడిసరుకు వచ్చిపడింది, మన పెన్సిలిన్ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. ఆ తర్వాత లాభం తక్కువైన ఈ సూది తయారీకి కంపెనీలు ముందుకు రాలేదు. ప్రపంచమంతటా మాటిమాటికీ కొరత వచ్చింది. పెన్సిలిన్-జి ముడిసరుకు మళ్ళీ మనదగ్గర చెయ్యడానికి 2024లో కాకినాడ జిల్లాలోనే ఒక ప్రైవేటు ఫ్యాక్టరీ మొదలైంది. అది అరకు సబ్‌సెంటరు ఫ్రిజ్‌దాకా సూదిగా వస్తుందా అన్నది వేరే సంగతి. పేదదేశమైన క్యూబా తన పినార్ దెల్ రియో రాష్ట్రంలో 1986 నుంచి 1996 దాకా పదేళ్ళపాటు రోగుల పేర్లు రిజిస్టరులో రాసి, సూది తప్పకుండా వేసి, టీచర్లకీ తల్లిదండ్రులకీ గొంతునొప్పి గురించి నేర్పి రుమాటిక్ జ్వరాన్ని బాగా తగ్గించింది. వాళ్ళు పెద్ద యంత్రాలేవీ కొనలేదు. రిజిస్టరు రాశారు, అంతే.

మన రిజిస్టరు ఎక్కడ వుండాలి? ఆశ్రమ పాఠశాలలో వుండాలి. మేము చదివింది అట్లాంటి బడిలోనే. రేకుల కింద, ఒక్క హాల్లో, చలికాలం ఒకే దుప్పట్లో ఇద్దరం ముగ్గురం. పాడేరు చలి తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఒకడు దగ్గితే వారానికి హాలంతా దగ్గేది. గొంతునొప్పికి హాస్టల్లో ఇచ్చే మందు ఉప్పునీళ్ళు. మోకాళ్ళు వాచిన పిల్లని ఇంటికి పంపేసేవాళ్ళు. ఆ పిల్ల తిరిగి బడికి వచ్చేది కాదు. మా తరగతిలోంచి అట్లా పోయినవాళ్ళని ఇప్పుడు తల్చుకుంటే వాళ్ళు చదువు మీద శ్రద్ధ లేక మానేశారని హాజరుపట్టీలో రాసిన మాట గుర్తొస్తుంది. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పిల్లల్లో వెతకాల్సిన ముప్పై జబ్బుల పట్టికలో రుమాటిక్ గుండె జబ్బు వుంది. పట్టికలో వుంది కాబట్టి అడిగే హక్కు మనకుంది. టీచరు మిత్రులు ఏడాదికి ఒకసారి ఆ బృందం తమ హాస్టలుకి వచ్చిందా, స్టెతస్కోపు ప్రతి పిల్ల గుండె మీద పెట్టారా, లేక రిజిస్టరు నింపుకుని పోయారా చూడాలి.

ఇక ఆపరేషన్ చరిత్ర. ఇది దేశానికి గర్వకారణమైన చరిత్రే, కాదనం. 1950ల్లో వెల్లూరు వంటిచోట్ల సర్జన్లు గుండె ఆపకుండా వేలు పోనిచ్చి మైట్రల్ వాల్వు అతుకులు విడదీసేవాళ్ళు. 1961లో వెల్లూరులోనే గుండె తెరిచి ఆపరేషన్ చేశారు. జపాన్ సర్జను ఇనోవె 1984లో బెలూన్ పద్ధతి తెచ్చాడు. తొడ దగ్గర నరంలోంచి సన్నటి గొట్టం పంపి, వాల్వు మధ్యలో బెలూన్ వుబ్బించి అతుకులు విడదీస్తారు. ఛాతీ కొయ్యక్కర్లేదు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో ఎం.ఎస్.వలియత్తాన్ బృందం దేశీయంగా వాల్వు తయారుచేసింది. మొదటి నమూనాలు విఫలమయ్యాయి, నాలుగోది నిలబడింది. 1990 డిసెంబరు 6న దాన్ని మొదటిసారి మనిషికి అమర్చారు. బాబాసాహెబ్ వర్ధంతి రోజు. కాకతాళీయమే, అయినా మాకు ఆ తేదీ మర్చిపోవడం కష్టం. విదేశీ వాల్వు కంటే బాగా చవకైన ఈ వాల్వు ఇప్పటికి లక్షమందికి పైగా అమర్చారు. 1991లో పుట్టపర్తిలో సాయిబాబా సంస్థ ఉచిత గుండె ఆపరేషన్లు మొదలుపెట్టింది. ఎంతోమంది పేదలు బతికారు. కానీ దానం ఇచ్చేవాడి దయ మీద నడుస్తుంది. వరస ఎప్పుడొస్తుందో అడిగే హక్కు రోగికి వుండదు.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. 2008కల్లా రాష్ట్రమంతా వచ్చింది. అప్పట్లో తెల్లకార్డు కుటుంబానికి ఏడాదికి రెండు లక్షల దాకా ఇచ్చేవాళ్ళు. ప్రభుత్వాలు మారినకొద్దీ పేరు ఎన్టీఆర్ వైద్యసేవ, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, మళ్ళీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. రోగికి పేరుతో పనిలేదు. ఈ పథకం లేకపోతే మా కొండలనుంచి వాల్వు ఆపరేషన్ మాట ఎత్తేవాళ్ళే వుండరు. ఇది ఒప్పుకుని చెప్పాల్సిన మాట ఇంకొకటుంది. లక్షలు ఖర్చయ్యే వాల్వుకి ప్రైవేటు ఆసుపత్రికి డబ్బు కట్టే ఏర్పాటు పకడ్బందీగా వుంది. ఆ వాల్వు పాడవకుండా ఆపే సూదికి మాత్రం ఎవరూ బాధ్యులు కారు. గుండె పూర్తిగా చెడ్డాకే రోగి లెక్కలోకి వస్తున్నది. బిల్లు వేయడానికి వీలుండే జబ్బునే రాజ్యం గుర్తిస్తుందా?

మా చెల్లి కథ ఇక్కడ చెప్పక తప్పదు. దీన్ని సొంత బాధగా కాక, ప్రణాళిక వేసుకునే పద్ధతిగా చదవమని కోరుతున్నాం. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి తగ్గింది. ఇరవయ్యో ఏట పెళ్ళయ్యాక ఆయాసం మొదలైంది. పట్నంలో ఒక ఆసుపత్రిలో ఎకో తీసి మైట్రల్ వాల్వు సన్నబడిందన్నారు. అక్కడ డాక్టరు మా అమ్మతో, “ఇన్నాళ్ళూ సూదులు ఎందుకు వేయించలేదమ్మా, మీవాళ్ళకి చెప్పినా అర్థం కాదు” అన్నాడు. అమ్మ బయటికొచ్చి, “ఏటి సూది బాబూ? మనకెవులు సెప్పినారు?” అంది. ‘మీవాళ్ళు’ అన్న మాట డాక్టరుకి గుర్తు కూడా వుండదు.

ఇప్పుడు మా ముందున్న ప్రశ్నలు ఇవి. వాల్వు ఇంకా ఎంత తెరుచుకుంటోంది? ఒకటిన్నర చదరపు సెంటీమీటర్లకి తగ్గిందా? రెక్కలు మెత్తగా వున్నాయా, సున్నం పట్టి గట్టిపడ్డాయా? వాల్వు కారుతోందా? ఎడమ పైగదిలో గడ్డ వుందా? రెక్కలు మెత్తగా వుండి, కారడం తక్కువైతే, గడ్డ లేకపోతే బెలూన్ సరిపోతుంది. రెండు మూడు రోజుల్లో ఇంటికి రావచ్చు. కొన్నేళ్ళకి మళ్ళీ ముడుచుకోవచ్చు, అప్పటి మాట అప్పుడు. బెలూన్‌కి పనికిరాకపోతే వాల్వు మార్చాలి. అక్కడే అసలు చిక్కు. లోహపు వాల్వు ఎన్నో ఏళ్ళు వుంటుంది గాని రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం ఎసిట్రామో వార్ఫరినో మింగాలి. జంతువు కణజాలంతో చేసిన వాల్వుకి ఆ బాధ తక్కువ, కానీ చిన్న వయసువాళ్ళలో పది పదిహేనేళ్ళకే, ఒక్కోసారి ఇంకా ముందే పాడై మళ్ళీ ఛాతీ కొయ్యాల్సి వస్తుంది.

మా చెల్లికి పిల్లలు కావాలి. గర్భంలో రక్తం దాదాపు సగం పెరుగుతుంది. సన్నటి వాల్వు ఆ వరదని తట్టుకోలేదు, అయిదో ఆరో నెలలో ఊపిరి ఆడదు. కొండల్లో కాన్పుకు ముందో తర్వాతో ‘ఆయాసం వచ్చి పోయింది’ అని చెప్పుకునే ఆడవాళ్ళలో ఎంతమందికి వాల్వు జబ్బుందో! కాబట్టి గర్భానికి ముందే వాల్వు సంగతి తేల్చుకోవాలి. లోహపు వాల్వు వేస్తే వార్ఫరిన్ మొదటి మూడు నెలల్లో కడుపులో బిడ్డకి హాని చెయ్యొచ్చు. మానేస్తే వాల్వు మీద గడ్డ కట్టి తల్లికి ప్రాణాపాయం. సూదిమందు హెపారిన్‌కి మారడానికి దగ్గరుండి చూసే డాక్టరు కావాలి. ఈ లెక్కలన్నీ ముందుగా చెప్పకుండా, ఆపరేషన్ టేబులు దగ్గర వేలిముద్ర తీసుకుని ‘ఏ వాల్వయితేనేం’ అనడం అన్యాయం. చెల్లి మొన్న అంది, “అన్నయ్యా, ఏ వాల్వో నాకు సెప్పి వెయ్యమను. మీరు మీరు మాటాడేసుకోకండి.” మా ఇంట్లో మగవాళ్ళం ఆ మాట వినాలి, డాక్టర్లు కూడా.

లోహపు వాల్వు వేయించుకున్నవాళ్ళు ప్రోత్రాంబిన్ పరీక్ష చేయించుకుంటూ ఐఎన్ఆర్ అనే అంకెని మైట్రల్ వాల్వుకి సాధారణంగా రెండున్నర, మూడున్నర మధ్య వుంచుకోవాలి. తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం. మొదట్లో వారం వారం, కుదుటపడ్డాక నెలకొకసారి. ఆ పరీక్ష కొండ దిగకుండా ఎక్కడ జరుగుతుందో ఆపరేషన్‌కి ముందే తెలుసుకోవాలి, తర్వాత కాదు. వానాకాలం మనం ఎక్కువగా తినే ఆకుకూరల్లోని కె విటమిన్ ఈ మందు బలాన్ని తగ్గిస్తుంది. ఆకుకూర మానేయమని కాదు, ఎప్పుడూ ఇంచుమించు ఒకే పాళంలో తినాలి. జీలుగు కల్లు, సంతలో అమ్మే నొప్పి మాత్రలు ఈ మందుతో కలిస్తే ప్రమాదం. కొత్తగా వచ్చిన, పరీక్ష అక్కర్లేని రక్తం పలచన మాత్రలు లోహపు వాల్వుకి పనికిరావని 2013లోనే తేలింది. ఎవరైనా అవి అంటగడితే ఒప్పుకోవద్దు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆపరేషన్ అయ్యాక పెన్సిలిన్ ఆపకూడదు. మిగతా వాల్వులు మన సొంతవే కదా. చాలామంది వాల్వు వేశారు కాబట్టి సూది అయిపోయిందనుకుంటారు. డిశ్చార్జి చీటీలో ఆ ఒక్క వాక్యం తెలుగులో రాయించుకోవాలి.

మిగతా ఏర్పాట్లు చిన్నవే గాని అవి లేక తేదీలు తప్పుతాయి. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు వుంటే ముందే సరిచేయించుకోవాలి. మా కొండల్లో ఇంటిపేర్లు గుమస్తాలు తోచినట్టు రాశారు కాబట్టి ఈ తంటా ప్రతి ఇంట్లో వుంది. పుచ్చు పళ్ళుంటే ఆపరేషన్‌కి ముందే చూపించుకోవాలి, పంటినుంచి సూక్ష్మజీవి రక్తంలోకి పోయి కొత్త వాల్వుని పట్టుకుంటుంది. రక్తం ఇచ్చేవాళ్ళు నలుగురైదుగురు సిద్ధంగా వుండాలి. విశాఖ హాస్టళ్ళలో వుండే మన విద్యార్థి సంఘాలు ఈ పని ఒక్కటి భుజానేసుకున్నా చాలు. తోడు వుండే మనిషికి పది పదిహేను రోజుల కూలి పోతుంది. ఛాతీ ఎముక అతకడానికి రెండు మూడు నెలలు బరువు ఎత్తకూడదు. బిందె, కట్టెల మోపు, కాఫీ పళ్ళ సంచి, ఏదీ వద్దు. కాఫీ కోత, వలిసె కోత రోజుల్లో ఆడమనిషి ఇంట్లో కూచుంటే ఇల్లెలా గడుస్తుందో పథకం రాసినవాళ్ళు ఆలోచించలేదు. 2019లో ఆరోగ్య ఆసరా అని కోలుకునే రోజులకి భృతి మొదలుపెట్టినప్పుడు ఈ ప్రశ్నని ప్రభుత్వం మొదటిసారి ఒప్పుకున్నట్టయింది.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది. 2024లో పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాలలో తరగతులు మొదలయ్యాయి. విశాఖ కళాశాల తర్వాత నూటొక్క సంవత్సరాలకి. కళాశాల వుంది కాబట్టి అడగాల్సినవి అడగవచ్చు. ఎకో మిషను, అది చూసే మనిషి, ఐఎన్ఆర్ పరీక్ష, సూది పడ్డవాళ్ళ రిజిస్టరు. 2018లో ప్రపంచ ఆరోగ్య సభ రుమాటిక్ జ్వరం, రుమాటిక్ గుండె జబ్బుల మీద తీర్మానం చేసి, సభ్యదేశాలు వీటిని అదుపు చెయ్యాలని కోరింది. మనదేశం ఆ సభలో సభ్యురాలే. ఆ తీర్మానాన్ని గిరిజన సలహా మండలిలో చదివి వినిపించమని అడిగేవాళ్ళు కావాలి.

మా చెల్లికి గొంతులోంచి పంపి చూసే ఎకో తీయాలన్నారు, గడ్డ వుందో లేదో అందులో తేలుతుంది. ఇటుకల పండుగ దాటాక తేదీ అడిగాం. బెలూన్‌కి పనికొస్తే వెంటనే, పనికిరాకపోతే ఏ వాల్వు అనేది చెల్లి, బావ కలిసి డాక్టరుతో కూచుని మాట్లాడతారు. రక్తానికి హాస్టలు పిల్లలు ఆరుగురు పేర్లిచ్చారు. ఈలోపు డాక్టరు ఎకో చూసి సూదే వేయించమన్నాడు, మూడో సంతకొకసారి వేయిస్తున్నాం. తేదీలు చెల్లే పుస్తకంలో రాసుకుంటోంది.